ఆమె కోరని ముత్తైదువతనం

కువైట్‌లోని జాబ్రియాలో, నేను పనిచేసే ఇంటి పక్కింట్లో వంట చేసే అక్క పోయింది. పొద్దున్నే చెత్త పడేయడానికి వెళ్లిన నన్ను ఆపి, గుండె ఆగిపోయిందని ఆ ఇంటి డ్రైవర్ చెప్పాడు.

ఆమెది కడప పక్క, మాది కోనసీమ. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు మా మామా, అంటే ఇంటి యజమానురాలు, అరబ్బీలో తిట్టే తిట్లకు అర్థం చెప్పి, వేటికి ఏడవాలో వేటికి ఏడవక్కర్లేదో నేర్పింది ఆమే. గోడ మీదుగా పచ్చడి గిన్నె అందించి, "తిను పాపా, ఈ కుబ్బూస్ రొట్టెలు తిని తిని నోరు సచ్చిపోయింటాది" అనేది. ఆ రుణం తీరేది కాదు.

ఆమె మొగుడు కువైట్‌లోనే, జహ్రాలో ఉండేవాడు. శుక్రవారం సెలవుకు వెళ్తే అక్క ఒంటి మీద వాతలతో తిరిగొచ్చేది. వాడు దొంగసారా అమ్మి జైలుకెళ్లాక, విడాకుల కోసం ఊళ్లో లాయరుకు ఫోన్ చేసింది. మొగుడు జైల్లో ఉన్నాడన్న ఒక్క కారణం మన హిందూ పెళ్లిళ్లలో విడాకులకు చాలదని, కొట్టేవాడని చెప్పే సాక్షులు కావాలని ఆయన అన్నాడు.

సాక్షులకేం కొదవ? వాడితో ఒకే గదిలో ఉన్న ఊరి పెద్దమనుషులు అన్నీ చూసినవాళ్లే. ఒక శుక్రవారం నన్ను తోడు తీసుకుని జహ్రాలోని ఆ గదికి వెళ్లింది.

"జైల్లో ఉండే మొగున్ని ఇడిసిపెడతావా మ్మా? వాడు బయటికొచ్చేదాకా ఓపిక పట్టు" అన్నాడు పెద్దాయన, టీ ఊదుకుంటూ.

"నీ తమ్ముని పెండ్లాం పనిచ్చిన కఫీల్ ఇంట్లోనుంచి పారిపోయి జైల్లో పడితే, నెల తిరక్కముందే వానికి ఇంగో పెండ్లి జేస్తివి గదన్నా. అప్పుడు యాడబోయింది ఈ ఓపిక?" అంది అక్క.

"మగోని సంగతి వేరే మ్మా."

సిగ్గు లేకుండా అలాగే అన్నాడు. మిగతావాళ్లు టీ గ్లాసులు తీసుకుని లేచిపోయారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అక్క అంది: "శిక్ష వానికి పడింది. అనుభవించేది నేనా పాపా?"

సాక్షులు లేక విడాకులు రాలేదు. వాడు క్షమాభిక్షతో బయటపడి, ఊరికెళ్లి ఇంకో ఆమెను ఇంట్లో పెట్టుకున్నాడు. అది తెలిసిన రోజే అక్క మెట్టెలు తీసేసింది. వాళ్ల మామా ఏమైందని అడిగితే "ఖలాస్" అంది, అంతే.

శవం ఊరు చేరాక ఎవరో నా ఫోన్‌కు వీడియో పంపారు. "అదృష్టవంతురాలు, ముత్తైదువగా పోయింది" అని ఆడవాళ్లు మెచ్చుకుంటున్నారు. వాడు కళ్లొత్తుకుంటూ ఆమె పాదాల దగ్గర కూర్చుని, బిగుసుకుపోయిన వేళ్లకు కొత్త మెట్టెలు తొడుగుతున్నాడు. ఎక్కకపోతే, నొక్కుతున్నాడు.