మొలక కట్టి చూడని విత్తనం

ఒడిశా రాయగడలో మాది విత్తనాల కొట్టు. తాతగారు విజయనగరం వైపు నుంచి వచ్చి పెట్టారు. ఏ సరుకు దిగినా పిడికెడు గింజలు తీసి, తడి గోనెగుడ్డలో చుట్టి, కొట్టు వెనక నీళ్ల తొట్టి పక్కన పెట్టడం మా అలవాటు. కొన్నాళ్లకు విప్పి చూస్తాం. మొలక బాగుంటే అమ్ముతాం, లేకపోతే సరుకు వెనక్కి పంపేస్తాం. కంపెనీవాడు ఎంత మెరిసే సంచిలో పంపినా నేను నమ్మను. నా అంత అనుమానపు మనిషి బజారులో లేడని పేరు.

రైతులతో మాత్రం నా పద్ధతి వేరు. కల్యాణసింగ్‌పూర్ నుంచి ఎవరైనా వచ్చి గింజ మొలవలేదంటే, నేల సరిగ్గా లేదని చెప్పి పంపేవాణ్ని. ఇంట్లోనూ అదే చెప్పాను. పెళ్లయిన ఆరేళ్లలో పిల్లలు కలగకపోతే నేలకే పరీక్షలు చేయిస్తూ వచ్చాను. నేలంటే నా భార్య.

ఆమెకు స్కాన్లు తీశారు, రక్తం తీశారు. గర్భసంచిలోకి రంగుమందు ఎక్కించి, గొట్టాలు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రేలో చూశారు. ఆమె లోపల నొప్పితో బల్ల అంచు పట్టుకుంటే, నేను బయట బెంచీ మీద మొక్కజొన్న ధర మాట్లాడుతున్నాను. అన్నీ బాగున్నాయన్నారు. అన్నీ బాగున్నాయంటే లోపం ఇంకా లోతున ఉందని మేం అర్థం చేసుకున్నాం. ఆమె గర్భసంచి గురించి మా వీధిలో తెలియనివాళ్లు లేరు. మా బస్తాలు తెచ్చే లారీ డ్రైవరు కూడా ఒకసారి నాటుమందు పేరు చెప్పాడు.

భర్తకు కూడా పరీక్ష చేయించాలని డాక్టరమ్మ వెళ్లిన ప్రతిసారీ చెప్పేది. నేను వినయంగా తలూపేవాణ్ని. తలూపడం నాకు బాగా వచ్చు.

చివరికి విశాఖపట్నంలో నా భార్య పొట్టకు గాటు పెట్టించి, లోపలికి కెమెరా పంపించి చూపించాలని అమ్మ, నేను నిర్ణయించాం. ఆ సంగతి అన్నాల దగ్గర చెప్పాం.

“భయపడకు అమ్మీ. సిన్న గాటే,” అంది అమ్మ.

“సిన్న గాటయితే ముందు మీ అబ్బాయికి పెట్టించండి అత్తయ్యా,” అంది నా భార్య పప్పు వడ్డిస్తూ.

“మగోడికి గాటేటే?”

“గాటు కూడా అక్కర్లేదట. సిన్న డబ్బా ఇస్తారట.” నా వైపు తిరిగింది. “ఏవండీ, నిన్న దిగిన సోళ్ల ఇత్తనం ఎక్కడుంది?”

“తడి గుడ్డలో.”

“కంపెనీ వోణ్ని నమ్మరు గానీ, మిమ్మల్ని మీరు ఎలగ నమ్మేస్తన్నారు? ఆరేళ్లుగా నేలనే తవ్వి సూస్తన్నారు. ఇత్తనాన్ని ఒక్కసారి మొలక కట్టి సూసేరా? మీ డబ్బా సంగతి తేలకుండా నేను బల్ల ఎక్కను.”

అమ్మ మజ్జిగ కోసం లేచింది. మజ్జిగ నా కంచం పక్కనే ఉంది.

విశాఖపట్నంలో లేబొరేటరీకి మాస్కు, టోపీ పెట్టుకుని వెళ్లాను. మా వీధి బట్టల కొట్టాయన కూడా మాస్కుతోనే ఎదురయ్యాడు. ఇద్దరి చేతుల్లోనూ చేతిరుమాల్లో చుట్టిన ఒకే రకం డబ్బాలు.

“సుగరా?” అన్నాడు.

“సుగరే. నీకో?”

“నాకూ సుగరే.”

తిరుగు రైల్లో పార్వతీపురం దాకా ఇద్దరం అన్నం మానేసి చోడి అంబలి, అదే రాగి జావ, తాగడం గురించి చాలా శ్రద్ధగా మాట్లాడుకున్నాం.

మరుసటి వారం ఫలితం వచ్చింది. వీర్యకణాలు తక్కువ, ఉన్నవాటిలో కదలిక తక్కువ. “అయితే విత్తనంలోనే లోపమా అండీ?” అని డాక్టరమ్మను అడిగాను, వ్యాపారం తెలిసినవాడి గొంతుతో.

“మీరు విత్తనమని ఎవరు చెప్పారు?” అందామె. “విత్తనమంటే రెండు సగాలూ అప్పటికే కలిసినది. మీది ఒక సగం, పుప్పొడి లాంటిది. రెండో సగం ఆవిడ అండం. నెలకొకటి అండాశయం నుంచి విడుదలవుతుంది, గొట్టంలోకి చేరి ఒక రోజు ఎదురుచూస్తుంది. మీ కణం అక్కడిదాకా ఈదుకుంటూ వెళ్లాలి. ఆవిడ నేలా కాదు, మీరు విత్తనమూ కాదు.”

విత్తనాల వ్యాపారిగా లోపలికి వెళ్లినవాణ్ని పుప్పొడినై కూర్చున్నాను. ఒంటి వేడి కన్నా కాస్త చల్లగా ఉండాలనే వృషణాలు బయట సంచిలో ఉంటాయట. స్కాన్‌లో చూస్తే నాకు అక్కడి రక్తనాళాలు ఉబ్బి వేడి పెరిగిందట. వేడి గోడౌన్‌లో గింజ పాడవుతుందని ఊరందరికీ చెప్పేవాణ్ని నేనే.

“సరిచేయొచ్చు,” అందామె. “చిన్న గాటు.”

పక్కన కూర్చున్న నా భార్య నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

అమ్మకు చెప్పాను. లేచి వెళ్లి వీధి తలుపు గడియ వేసింది. తరవాత, “ఈ మాట గుమ్మం దాటకూడదు. గుడారి వదినకి తెలిస్తే పరువు పోతాది,” అంది. కోడలి గర్భసంచిని లారీ డ్రైవరు దాకా చేర్చిన మనిషికి ఒంటి విషయాలు గుట్టుగా ఉంచాలని ఆ రోజే తెలిసింది. నాకు ఆ మాట హాయిగానే అనిపించిందని కూడా ఒప్పుకోవాలి.

ఆపరేషన్ అయ్యాక గుడారి నుంచి అత్త, అమ్మ భయపడిన ఆ వదినే, మా నాన్న అక్క, చూడడానికి వచ్చింది. హెర్నియా అని చెప్పింది అమ్మ. అత్త అయ్యో పాపమని, టీ తెచ్చిన నా భార్య వైపు తిరిగింది.

“నీ సంగతేటి అమ్మీ? ఆ ఆపరేషన్ నువ్వెప్పుడు సేయించుకుంటావు?”

నా భార్య నా వైపు చూడలేదు. ఆరేళ్లలో ఇలాంటి ప్రశ్నలప్పుడు ఆమె నా వైపు చూసి చూసి మానేసింది. ఆ సంగతి నేను గమనించింది అప్పుడే.

“తనకి ఆపరేషన్ అక్కర్లేదత్తా,” అన్నాను. “తనకి ఎప్పుడూ ఏటీ లేదు. నాది హెర్నియా కాదు. లోపం నాలో ఉంది, దానికే సేయించుకున్నాను.”

అమ్మ కిటికీ వైపు చూసింది. అత్త టీ గ్లాసు కింద పెట్టి, ఈ ఏడు చోళ్లు ఎలా ఉన్నాయని అడిగింది. నా భార్యను ఆరేళ్లు అడిగినవాళ్లు నన్ను ఆ సంగతి మీద ఒక్క ప్రశ్నా అడగలేదు.