టైలరక్క చెప్పిన తేదీ

మా కోడలి ఫోన్లో ఆవిడ పేరు టైలరక్క. ఆవిడకి రోజంతా సూదితోనే పని, దారంతో మాత్రం ఏనాడూ సంబంధం లేదు. పిల్లలు కలగనివాళ్లకి వైద్యం చేసే క్లినిక్‌లో పదకొండేళ్లుగా నర్సు. అక్కడికి వచ్చేవాళ్లలో సగం మంది ఇంట్లో చెప్పకుండా వస్తారు కాబట్టి, ఆవిడ నంబరు ఒక్కో ఫోన్లో ఒక్కో పేరుతో ఉంటుంది. ఒకరికి గ్యాస్ ఏజెన్సీ, ఒకరికి కర్టెన్ల షాపు, ఒకరికి యోగా టీచరు. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతోనే పలుకుతుంది. ఇవన్నీ నాకు ఆలస్యంగా తెలిశాయి. చాలా రోజులు నేను కూడా ఆవిడ బట్టలు కుట్టే మనిషే అనుకున్నాను.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చున్నాను. పొద్దున్నే ముద్రలో తేదీ అంకెలు మార్చి, చిత్తుకాగితం మీద కొట్టి చూసుకున్నాకే షట్టరు తీయనిచ్చేదాన్ని. తేదీల దగ్గర నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. నోటి దగ్గర కూడా లేరనుకోండి, అది వేరే సంగతి.

ఆ నోరే కొంప ముంచింది. మా అబ్బాయికి పెళ్లయిన ఏడాదికి, మా ఆఫీసులో ఒకావిడ కూతురు ఇలాంటి వైద్యమే చేయించుకుంటోందని తెలిసింది. భోజనాల దగ్గర ఆ కబురు చెప్పి, "ఇవేం పిల్లలు, సీసాలో మొలకెత్తించి తెచ్చుకుంటారు" అని నవ్వాను. కోడలు తల వంచుకుని తింటూ ఉండిపోయింది. నేను ఆ మాట అప్పుడే మర్చిపోయాను. తను మర్చిపోలేదు. తన వంతు వచ్చేసరికి ఇద్దరూ కూడబలుక్కుని నా చెవిన పడకుండా చూసుకున్నారు.

రెండుసార్లు ప్రయత్నం నిలవలేదు. అప్పుడు తను పక్క గదిలో రెండేసి రోజులు పడుకుంటే నేను ఎండదెబ్బ అనుకున్నాను. మూడోసారి, బయట ఐదు రోజులు పెంచిన పిండాన్ని మార్చి పదో తారీఖున గర్భంలో పెట్టారు. అది నిలిచింది.

ఇక్కడే టైలరక్క పనితనం. కాన్పు తేదీ చెప్పడానికి మామూలుగా ఆఖరి నెలసరి నుంచి లెక్కపెడతారు. ఈ వైద్యంలో ఆ లెక్క పనికిరాదు. మా కోడలికి నెలసరి ఫిబ్రవరి మూడున వచ్చింది గానీ, గర్భసంచి లోపలి పొర కావలసినంత మందం కాక, మందులు వాడుతూ రెండు వారాలకు పైగా ఆగాల్సి వచ్చింది. ఆ ఆగిన రోజుల్లో బిడ్డ లేదు కదా. అందుకని, ఐదు రోజుల పిండాన్ని పెట్టిన రోజు నుంచి, పిండం బయట పెరిగిన ఐదూ మామూలు నెలసరి లెక్కలో వచ్చే పద్నాలుగూ కలిపి పందొమ్మిది రోజులు వెనక్కి జరిగి, నెలసరి ఆ రోజే వచ్చినట్టు అనుకోవాలి. అలా చూస్తే ఫిబ్రవరి పందొమ్మిది. కాన్పు తేదీ నవంబర్ ఇరవయ్యారు. టైలరక్క చీటీ మీద రాసి చేతిలో పెట్టి, ఎవరు అడిగినా పందొమ్మిదే చెప్పు, అది జరిగిన తేదీ కాదు గానీ లెక్కకి అదే నిజం, అని రెండుసార్లు అప్పజెప్పించుకుందట.

"నవంబర్ ఇరవయ్యారు ఖాయమేనా అక్కా" అని కోడలు ఫోన్లో అడుగుతుంటే ఒకసారి నా చెవిన పడింది. వేసవిలో బట్ట ఇస్తే నవంబర్లో కుట్టి ఇచ్చే ఆ మహాతల్లి ఎవరని అడిగాను. చాలా బిజీ అత్తయ్యా, అంది. నేను నమ్మాను.

ఐదో నెలలో మా ఇంటి దగ్గరి ప్రసూతి ఆసుపత్రిలో పేరు రాయించడానికి వెళ్లాం. మొదటి నెలల కాగితాలు కనబడటం లేదని కోడలు నసిగింది. ఆఖరి నెలసరి ఎప్పుడని కౌంటర్లో అమ్మాయి అడిగింది. కోడలు "ఫిబ్రవరి పందొ..." అనేలోపు నేను అందుకున్నాను. "పందొమ్మిదేంటమ్మా, మూడు. మా ఆఫీసువాళ్లు నాకు వీడ్కోలు సభ పెట్టిన రోజు. కడుపునొప్పని నువ్వు సభకి కూడా రాలేదు" అన్నాను. కౌంటరమ్మాయి మూడు వేసుకుంది. కాన్పు నవంబర్ పది అంది. ఇంటికి వస్తూ, బిడ్డ పదిన పుడితే మీ టైలరు ఇరవయ్యారున గౌను ఇచ్చి ఏం లాభమని వెక్కిరించాను కూడా. తర్వాత ఒంటరిగా వెళ్లి తేదీ మార్పించుకుందామనుకుందట కోడలు, పాపం. నేను ఒక్కసారైనా ఒంటరిగా వెళ్లనిస్తే కదా.

అక్కడి నుంచి ప్రతి స్కానింగ్‌లోనూ ఒకటే మాట. బిడ్డ ఉండాల్సినంత లేదు, రెండు వారాలు వెనకబడి ఉంది. నేను కోడలి చేత బలవంతంగా రెండింతలు తినిపించాను. ఇంతమంది డాక్టర్లు ఎదగలేదంటుంటే, తన చీటీలో లెక్కని తనే నమ్మలేకపోయింది ఆ పిల్ల.

అక్టోబర్ ఇరవై పొద్దున డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ముప్పై ఏడు వారాలు నిండాయి, లోపల ఎదగని బిడ్డని ఇంకా ఉంచడం ప్రమాదం, మధ్యాహ్నం రెండు గంటలకి ఆపరేషన్ చేసి తీసేద్దాం అంది. మా అబ్బాయి పని మీద వేరే ఊళ్లో ఉండి, అప్పుడే బస్సెక్కాడు. కోడలు ఫోన్లో ఏదో మెసేజ్ కొట్టి, ఫోనూ వాచీ నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

పన్నెండవుతుండగా ఫోన్ మోగింది. టైలరక్క. అమ్మాయికి ఇస్తారా అని అడిగింది. లోపలుంది, రెండింటికి ఆపరేషన్, గౌన్ల సంగతి తర్వాత చూద్దువుగాని అన్నాను.  ఆ గౌను గురించేనండీ, తేదీ తప్పు పడింది, ఇప్పుడే కత్తెర వెయ్యొద్దని లోపల చెప్పండి, అంది. నాకు ఒళ్లు మండింది. మతి ఉండే మాట్లాడుతున్నావా అని పెట్టేశాను.

మళ్లీ మోగింది. ఈసారి గౌను లేదు, కత్తెర లేదు.

"నేను టైలర్ని కాదండీ, నర్సుని. మీకు చెప్పనని మీ కోడలికి మాటిచ్చాను. ఇన్నేళ్లలో ఎవరికీ మాట తప్పలేదు, ఇప్పుడు తప్పుతున్నాను. ఇందాక తను మెసేజ్‌లో అంతా రాసింది. పిండాన్ని పెట్టింది మార్చి పదిన. మీరు రాయించిన తేదీ తప్పు. బిడ్డకి ముప్పై ఏడు కాదు, ముప్పై నాలుగు వారాల ఐదు రోజులు. బిడ్డ చిక్కిపోలేదమ్మా, వయసే తక్కువ. ఇవాళ బయటికి తీయనివ్వకండి. కాగితం ఈ ఫోన్‌కే పంపుతున్నాను, తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి."

నాకు కోపం వచ్చింది. నా ఇంట్లో జరిగింది నాకు తప్ప అందరికీ తెలుసు. ఆ కోపం డాక్టరమ్మ గది తలుపు దాకా నాతోనే వచ్చింది. తలుపు మీద చెయ్యి వేశాక సీసా మాట గుర్తొచ్చింది. మూడో తారీఖని గొప్పగా చెప్పింది కూడా నేనే. అంత సిగ్గు నా జన్మలో పడలేదు. తలుపు తోసి, "తేదీ తప్పు చెప్పాను. తప్పు నాది" అన్నాను.

డాక్టరమ్మ కాగితం చూసింది. పాత స్కానింగులన్నీ తెప్పించి, పందొమ్మిది నుంచి మళ్లీ లెక్క వేసింది. అన్నీ అటూ ఇటూగా సరిపోయాయి. బిడ్డ మొదటి నుంచీ తన వేళకి తను పెరుగుతూనే ఉంది, మేమే పదహారు రోజులు ముందుకి తోశాం. ఇది ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదని ఆవిడ విసుక్కుంది. పడ్డాను. ఆపరేషన్ ఆపేశారు.

లోపలికి వెళ్తే కోడలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"టైలరక్క ఫోన్ చేసింది. గౌనుకి ఇంకా ఐదు వారాలు పడుతుందట. ఈలోపు కత్తెర వెయ్యొద్దంది" అన్నాను.

తను గభాల్న ఇటు తిరిగింది. నా మొహం చూసి సంగతి అర్థం చేసుకుంది. సీసా మాట అన్న నోరు నాదే, తిట్టాలని ఉంటే తిట్టమ్మా అన్నాను. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

మనవరాలు పుట్టాక డిసెంబర్‌లో, కోడలిని అడిగి ఒకరోజు ఆ క్లినిక్‌కి వెళ్లాను. మెట్ల కింద చిన్న గది. గోడకి పెద్ద కేలెండరు, బల్ల మీద కాన్పు తేదీలు లెక్కకట్టే అట్ట చక్రం, అంచులు అరిగిపోయి ఉంది. టైలరక్క సన్నగా, పొట్టిగా, కళ్లద్దాలు తాడుకి కట్టుకుని ఉంది. నేను ఎవరినో చెప్పగానే లేచి నిలబడింది. ఫిర్యాదుకి వచ్చాననుకుంది. ఆ రోజే తను పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లి, పేషెంటు విషయం ఇంకొకరికి చెప్పానని ఒప్పుకుందట. హెచ్చరిక కాగితం ఇచ్చారట. దాన్ని ఫైల్లో పెట్టుకుంది. అంతేనండీ, అంది.

బల్ల సొరుగులో ఒక పొడుగు పుస్తకం ఉంది. పేర్లు లేవు, కేసు నంబర్లే. ఒక వరసలో తను చెప్పిన తేదీ, పక్క వరసలో బిడ్డ పుట్టిన తేదీ. మొదటి వరస నిండా అంకెలు. రెండో వరసలో పేజీకి మూడో నాలుగో. మిగతాదంతా ఖాళీ. ఎందుకని అడిగాను. "పుట్టాక ఇటువైపు ఎవరొస్తారండీ? ముందు ఫోన్లోంచి నా నంబరు తీసేస్తారు. తీసెయ్యాలి కూడా" అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తన పుట్టిన తేదీ కూడా బడిలో చేర్చినప్పుడు మాస్టారు తోచింది వేసిందేనని చెప్పి నవ్వింది.

మా కేసు నంబరు వెతికించాను. మొదటి వరసలో నవంబర్ ఇరవయ్యారు ఉంది. పక్కన ఇరవై నాలుగు రాయమన్నాను.

కళ్లద్దాలు పెట్టుకుని రాసింది. రెండు రోజులు తొందరపడిందండీ, అంది. నా పోలిక, అవతలివాళ్ల మాట పూర్తి కానివ్వదు, అన్నాను.

టైము కూడా చెప్పమంది. పొద్దున ఆరూ నలభై అని చెప్పాను. రాసుకుంది.