ఎడమ చెవిలో అవ్వ

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాయక తప్పడం లేదు.

నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. హెడ్‌ఫోన్లంటే పిచ్చి, అదీ వైరున్నవి, చవకవి. మా షిఫ్టులో ఎవరు కొన్నా ముందు నాకు వినిపిస్తారు. వాళ్లకు దబదబ మోగితే చాలు. చింతపండు ఎక్కువైతేనే పులుసు అనుకునే రకం.

నేను సినిమా పాటతో పరీక్ష చేయను. పాటకు సోకులన్నీ స్టూడియోలోనే చేసేసి ఉంటారు, నాసిరకం దాంట్లోనూ బాగానే ఉంటుంది. పోయిన మామిడి కాపులో వేప్పనపల్లి దగ్గర మా తోటలో ఫోనుతో చేసిన రికార్డింగు ఒకటి ఉంది. మా మేనత్త చిలకల్ని తోలడానికి రేకు డబ్బా కొడుతుంటుంది, దూరంగా మోటారు, ఆకుల్లో గాలి. డబ్బా చెవిలో గుచ్చుకోకూడదు, ఆకులు విడివిడిగా వినపడాలి. అది మోనో రికార్డింగు, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే వినిపించాలి.

అంతకుముందు చిలకల్ని తోలే పని మా అవ్వది. ఆమె పోయి మూడేళ్లు. వినబడ్డ చప్పుడల్లా రికార్డు చేసే నేను ఆమె గొంతు ఒక్కసారీ చేయలేదు. తలుచుకుంటే నా మీద నాకే కోపం వచ్చేది. ముఖం గుర్తుంది, మాటలు గుర్తున్నాయి, గొంతు మాత్రం మరిచిపోతున్నాను. అదే నా బాధ.

ఈ ఏడాది హోసూరు బస్టాండు దగ్గర పేరూ ఊరూ లేని హెడ్‌ఫోన్లు కొన్నాను. ఆదివారం మధ్యాహ్నం గదిలో కూర్చుని విన్నాను. డబ్బా బాగుంది, ఆకులు పర్వాలేదు. ఇంతలో ఎడమ చెవిలో, "చాల్లేండప్పా, మాకూ రెండు మిగల్చండి" అని వినబడింది.

అవ్వ చిలకల్ని ఎప్పుడూ తిట్టేది కాదు. ఇంటికొచ్చిన చుట్టాల్ని బతిమాలినట్టు అలాగే అనేది.

హెడ్‌ఫోన్లు కుడిఎడమలు మార్చి పెట్టుకున్నాను. లోపం వాటిదైతే గొంతు కుడి చెవికి రావాలి. రాలేదు, ఎడమ చెవిలోనే ఉంది. వేరే నాలుగింటిలో విన్నాను. డబ్బా, మోటారు, ఆకులు, అంతే. భయం వేయలేదు. సంతోషంతో ఏడ్చాను.

మరుసటి ఆదివారం వేప్పనపల్లి వెళ్లి, ఏమీ చెప్పకుండా అత్త చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాను. కాసేపు విని ఎడమ చెవిని చేత్తో నొక్కి పట్టుకుంది.

"డబ్బా కొట్టేది నేను కదరా. మా అమ్మ యాడ నుంచి వచ్చింది ఇందులోకి?"

"తెలీదత్తా. విప్పి చూద్దామని స్క్రూడ్రైవరు తెచ్చినాను."

అత్త హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నీకు కారణం కావాల. నాకు మా అమ్మ కావాల. విప్పినాక ఆమె రాకపోతే ఏం చేస్తావు?"

స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాను. హెడ్‌ఫోన్లు, ఆ రికార్డింగు ఉన్న పాత ఫోను అత్తకే ఇచ్చి హోసూరు బస్సెక్కాను.

ఎలా జరిగిందో ఇప్పటికీ తెలియదు. బస్సు కదిలాక కళ్లు మూసుకుంటే అవ్వ గొంతు దానంతట అదే గుర్తొచ్చింది, రెండు చెవులకూ.