మాస్టారి ఏడో నోటుబుక్కు

మా ఫిలాసఫీ మాస్టారు పోయిన ఏడాదికి, రాజమండ్రిలో వాళ్ళింటికి రమ్మని ఆయన భార్య కబురు చేశారు. ఏడు నోటుబుక్కులు నా ముందు పెట్టి, పుస్తకంగా వేయించమన్నారు. మాస్టారు బతికుండగా ఒక్క ముక్క అచ్చువేయించుకోలేదు. దేవుడు లేడని క్లాసులో బల్ల గుద్ది చెప్పిన మనిషి. ఆ మాట పట్టుకునే నేను చర్చి గడప తొక్కడం మానేశాను. ఆవిడ మాత్రం ఒక్క ఆదివారం తప్పరు.

మొదటి ఆరింటిలో నాకు తెలిసిన మాస్టారే ఉన్నారు. ఏడోది తెరిస్తే ఒళ్ళు మండింది. "ఇవాళ కూడా లేడని గట్టిగానే అన్నాను. మెల్లగా అంటే నాకే అనుమానం వస్తుందని భయం." పేజీ పేజీకీ ఇదే వరస. పైగా అక్షరాలు వంకరటింకర. పోయిన మొగుణ్ణి విశ్వాసిని చేసి చర్చిలో మెప్పు పొందుదామని ఈవిడే రాసి ఉంటారనుకున్నాను.

ఇది మాస్టారి చేతిరాతేనా అని మొహానే అడిగేశాను. ఆవిడకి కోపం రాలేదు.

"చివర్లో చెయ్యి వణికేది బాబూ. ఆయన చదవొద్దన్నారని నేను తెరవలేదండి."

చదవకుండానే అచ్చువేయిస్తారట! నా చెవిలో పువ్వు పెడుతున్నారనుకున్నాను. ఆరే వేయించి ఏడోది అటకెక్కించాలని నిశ్చయించుకుని, ఊరికే పేజీలు తిప్పాను. ఒకచోట మా అమ్మ కనిపించింది.

అయిదేళ్ళ కిందట నరసాపురం ఆసుపత్రిలో, గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, ఒక్కసారి ప్రార్థన చెయ్యరా అని అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నమ్మనిది పలకకూడదని నేను నోరు విప్పలేదు. ఆ రాత్రే పోయింది. ఈ సంగతి నా భార్యకి కూడా చెప్పలేదు. పరామర్శకి వచ్చిన మాస్టారికి ఒక్కరికే, పంటు మీద గోదావరి దాటుతూ చెప్పాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన నీళ్ళకేసి మొహం తిప్పుకున్నారు. ఇప్పుడు ఈ పేజీలో ఇలా ఉంది:

"నా మాట విని తల్లికి ప్రార్థన చెయ్యలేదట. చేశాడనే ఇంట్లో చెప్పాను. ఆ తల్లి కోసం ఇవాళ నేను చేశాను. ఎవరికి చేశానో తెలియదు."

నోటుబుక్కు మూసేశాను. ఇది కూడా ఆవిడే రాశారనడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుక్కుంటున్నాను. ఆవిడ కాఫీ గ్లాసు అందిస్తూ అన్నారు.

"మీ అమ్మగారు అదృష్టవంతురాలు బాబూ. కొడుకు ప్రార్థన వింటూ వెళ్ళిపోయారట కదా. మాస్టారు చెప్పారు."

"లేదండి," అన్నాను. "నేను చెయ్యలేదు."

ఏడు పుస్తకాలూ సంచిలో పెట్టుకున్నాను.