ఛాతీ ఎత్తు బల్ల

మా బావగారు, అంటే నా పెనిమిటికి అన్నగారు, పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఉంటే చెప్పేదాన్నే.

అన్నదమ్ములిద్దరూ వడ్రంగులు. చోడవరంలో ఒకే పెరడు, రెండు వాటాలు. మామగారు పోయాక ఆయన రైతులను కూడా చెరిసగం పంచుకున్నారు. ఏడాది పొడుగునా నాగళ్ళు, కాడి, బండి చక్రాలు చేసిపెడితే, రైతు కళ్ళంలో మాకు ధాన్యం పోసేవాడు. మా పొయ్యి వెలిగేది దాంతోనే.

ఆ రోజుల్లో మా వడ్రంగులు నేలమీద గొంతుక్కూర్చునే పనిచేసేవారు. కర్రను రెండు పాదాలతో అదిమిపట్టి బాడిసెతో చెక్కేవారు. బల్ల దగ్గర నిలబడి చేయడం ఎరగరు. ఒక ఎండాకాలం నా పెనిమిటి గోవాడ దారిలో చెరుకుబండి మీంచి పడ్డాడు. విరిగిన కాలెముక అతుక్కుంది గానీ మోకాలు ఇక మడతపడలేదు.

అతను మంచం దిగకముందే బావగారు అరుగుమీద కూర్చుని వీధంతా వినపడేలా అన్నారు.

"కూకోలేనోడు ఒడ్రంగేటి? తొలకరికి ఆడి రైతులు కూడా నా కాడికే రావాల."

తొలకరి ఎంతో దూరం లేదు. ఈలోగా మా ఆయన నిలబడైనా పని మొదలుపెట్టకపోతే ఆ రైతులు మాకు లేనట్టే.

"బల్ల కట్టు," అన్నాను.

"దేంతోటి కట్టీది?"

"పెరట్లో తుమ్మదుంగ లేదేటి?"

అది మామగారు కొట్టించి ఆరబెట్టిన దుంగ. ఇద్దరిదీ. నిలువునా చీలిస్తే మాకు పొడుగాటి బల్ల వచ్చేది. ఆ సంగతి తెలిసే బావగారు దాన్ని అడ్డంగా కోయించారు. "పెద్దోడికి మొదలు, సిన్నోడికి కొస. తాతల కాడ్నించీ ఇదే లెక్క," అన్నారు.

మా ఇళ్ళలో మరదలు బావగారి ఎదటపడి మాట్లాడకూడదు. అందుకని పెరట్లో కట్టేసిన మా గేదెతో మాట్లాడాను.

"ఒసే, నువ్వు నయమే. గడ్డేసినోల మొకం సూసి పాలిస్తన్నావు. తోడబుట్టినోడి కాలిరిగితే పండగ సేసుకునీవోలున్నారు లోకంలో."

బావగారు గోడకి జవాబు చెప్పారు. "గేదికి సెవుడు లేదు. సిన్నగా సెప్పమను."

కొసముక్కను పలకలుగా కోయించాం. మేకులు నేను కొననివ్వలేదు, మా ఆయన చెక్కసీలలే దిగేశాడు. బల్ల నిడివి తక్కువ, బరువూ తక్కువ. చిత్రిక పడితే కదలకుండా కాళ్ళని నేలలో పాతి, చుట్టూ రాళ్ళు కూరి దిమ్మిస చేశాం.

అప్పుడు తెలిసింది తప్పు. గొంతుక్కూర్చున్నవాడికి పని కళ్ళకి దగ్గరగా ఉంటుంది. నిలబడ్డా అంతే దగ్గర ఉండాలనుకుని బల్లని ఛాతీ ఎత్తున కట్టేశాడు. చిత్రిక తోస్తే ఒంటి బరువు దాని మీద పడదు. చేతులు లాగేస్తున్నాయి తప్ప తుమ్మకర్ర మీద పొట్టు లేవడం లేదు.

బావగారి తల వాటాల నడిమి పిట్టగోడ మీంచి లేచింది. "ఏట్రా అది? బల్లా, అటకా? దాని మీద పన్సేత్తావా, పొడుకుంటావా?"

నా పెనిమిటి మొహం నల్లబడింది. "కాళ్ళు పీకి కోసేత్తాను," అన్నాడు.

"తగువాడి తెచ్చుకున్న ముక్కది. బెత్తెడు కూడా కోయనివ్వను. బల్ల దిగకపోతే నువ్వే ఎక్కు," అన్నాను నేను.

కిందటేడు వానకి కూలిన వెనకవైపు ఉమ్మడి గోడ మట్టి పెరట్లో కుప్పగా పడి ఉంది. తట్టలతో మోసి, బల్ల ముందు పోసి, తడిపి తొక్కాను. నేల లేచింది. మా ఆయన ఆ మెట్ట మీద నిలబడితే బల్ల నడుము దగ్గరికొచ్చింది. చిత్రిక తోశాడు. పొట్టు చుట్టలు చుట్టుకుని రాలింది.

"ఆ మట్టిలో నాకూ సగముంది," అన్నారు బావగారు.

గేదెకి చెప్పాను. "మట్టికి మొదలూ కొసా ఉండవని సెప్పవే."

అప్పుడే బుచ్చయ్యపేట నుంచి మా వాటా రైతు ఒకడు, దున్నేటప్పుడు చేత్తో పట్టుకునే మేడి విరిగిన పాత నాగలి మోసుకొచ్చాడు. బావగారు అరుగు దిగి ఎదురెళ్ళారు. "ఇటు తే మావా. అది కుంటోల కొట్టు."

రైతు ఆయన్ని తోసుకుపోలేదు, ఆగనూ లేదు. మా బల్ల దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.

"నిలబడి సెక్కితే మేడి వంకరొచ్చీదేటి?"

"వంకరొత్తే పొయ్యిలో ఎట్టు. మరోటి సేసిత్తాను," అన్నాడు నా పెనిమిటి.

రైతు నాగలి దింపి వెళ్ళిపోయాడు.

తెల్లారి చూస్తే మెట్టలో సగం లేదు. బావగారు గునపంతో తన వాటా తవ్వి, ఎత్తి, తన గుమ్మం ముందు పోసుకున్నారు. ఆ మట్టితో ఆయన చేసుకునేది ఏమీ లేదు. నేను గేదెని కూడా పిలవలేదు. గుంటలో పొయ్యి బూడిద, పేడ, రాళ్ళు నింపి తొక్కుతుంటే, నా పెనిమిటి మిగిలిన సగం మీద మంచి కాలు మోపి మేడి చెక్కుతూనే ఉన్నాడు. మా ఆయన అటు తిరిగి చూడలేదు. అన్నగారు మాత్రం సాయంత్రం దాకా అరుగుమీంచి ఇటే చూశారు.

తొలకరి పడ్డాక రైతు వచ్చి నాగలి భుజానికెత్తుకున్నాడు. పొలంలో ఎలా నడిచిందో చెప్పడానికి మళ్ళీ రాలేదు. తన తమ్ముడి నాగలి మా బల్ల దగ్గరికి పంపించాడు. ఆ తమ్ముడు బావగారి వాటా రైతు.