సీసం గుండ్లకు పచ్చ పూత

మా మామ సీసాన్ని పళ్ళతో కొరుకుతాడు. ఆకలేసి కాదు, వల అడుగు తాడుకు సీసం గుండ్లు బిగించడానికి. పాత మూకుడులో సీసం కరిగించి, మూసలో పోసి, శనగగింజంత గుండ్లు ఆయనే చేసుకుంటాడు. ఒక్కో గుండుకు నడుమ చిన్న చీలిక ఉంటుంది. తాడును అందులో దూర్చి గట్టిగా నొక్కితే గుండు కరుచుకుంటుంది. ఆయన ఊరు మైపాడులో అందరూ కటింగ్ ప్లేయరుతో నొక్కుతారు. మామ కూడా ఒకప్పుడు అలాగే నొక్కేవాడు, ఈమధ్యనే పళ్ళకు దిగాడు. బద్ధకం అనుకున్నాను.

సీసం విషమని ఫోన్లో చదివాను. చదివి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మామ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని పాఠం మొదలుపెట్టాను.

"అది కడుపులోకి పోతే నరాలు దెబ్బతింటాయి మామా."

"నేనేమన్నా మింగతా ఉండానా అల్లుడా? కొరకతా ఉండా, అంతే" అన్నాడు, చేప ముల్లు తీస్తూ.

ముత్తుకూరులో మా ఇంటికి దగ్గరే ఒక షెడ్డులో నేను రంగుల పని చేస్తాను. ఇనప గేట్లకు పొడి రంగు చల్లి పెద్ద పొయ్యిలో కాలుస్తాం. పొడి కరిగి, గట్టి పొరలా అంటుకుని, తుప్పును రానివ్వదు. ఉప్పుగాలి నుంచి గేటును కాపాడేవాణ్ణి, విషం నుంచి మామను కాపాడలేనా అనిపించింది. గుండుకు పూత వేస్తే సీసం పంటికి తగలదు. ఎంత సులువు! ఈ సంగతి ప్రపంచంలో ఇంకెవరికీ తట్టనందుకు జాలి కూడా పడ్డాను.

షెడ్డులో మిగిలిన పచ్చ పొడి అడిగి తెచ్చుకున్నాను. మా ఆవిడ బోగోలులో వాళ్ళక్క ఇంటికి వెళ్ళిన ఆదివారం, మామ దగ్గర అడిగి తెచ్చిన గుండ్లను డబ్బాలో పోసి, పొడి వేసి, మూతపెట్టి గిలకొట్టాను. పొడి బాగానే పట్టింది. ఇక కాల్చాలి. వంటింట్లో మా ఆవిడ కేకులు చేసే ఓవెన్ కనిపించింది.

మొదటి వాయి కుప్పగా పోశాను. అన్నీ అతుక్కుని పల్లీ పట్టీలాగా ఒకే ముక్కగా బయటికొచ్చాయి. రెండో వాయికి బుద్ధి తెచ్చుకుని దేనికది విడిగా పేర్చాను. నిగనిగలాడుతూ వచ్చాయి. ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాను. ఎవరో అవి ఏం మాత్రలని అడిగారు.

సాయంత్రం మా ఆవిడ గడపలోనే ఆగి ముక్కు మూసుకుంది.

"ఏంది బావా ఈ కంపు?"

"మీ నాయన ఆరోగ్యం కోసం" అని మొదలుపెట్టి, గర్వంగా అంతా చెప్పాను.

ఆమె ఓవెన్ తలుపు తీసి లోపలికి చూసింది. "మా నాయన నోట్లోకి పోకూడదని, మనందరి నోట్లోకి పోయే దాంట్లో పెట్టినావా?"

ఓవెన్ ఆ పూటే పెరట్లోకి చేరింది. ప్రస్తుతం అందులో రంగు డబ్బాలు దాచుకుంటున్నాను. మా ఇంట్లో కేకు మాట ఎత్తే ధైర్యం నాకు లేదు.

మర్నాడు పొద్దున్నే గుండ్లు పట్టుకుని మైపాడు వెళ్ళాను. తమాషా చూడాలని ఆమె కూడా వచ్చింది.

"భలే ఉండాయే, పచ్చి బఠానీల మాదిరి" అని మామ ఒకటి తీసుకుని తాడుకు తగిలించి కొరికాడు. టప్పుమంది. పూత పెచ్చులుగా రాలింది. మామ నవ్వితే ముందు పళ్ళు పచ్చగా ఉన్నాయి. ఇంతకుముందు ఒక్క సీసమే తినేవాడు, నా పుణ్యమా అని ఇప్పుడు రంగు కూడా తింటున్నాడు. మా ఆవిడ నవ్వలేక అరుగు మీద కూలబడింది.

నాకు ఒళ్ళు మండింది. గూట్లో ఉన్న ప్లేయరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఒక్కటి దీంతో నొక్కు మామా. ఒక్కటంటే ఒక్కటి. ఏం పోయింది?"

మామ ప్లేయరు పట్టుకున్నాడు. అది జారి కింద పడింది. తీసి మళ్ళీ ఇచ్చాను. ఈసారి ఆయన ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా దాని చుట్టూ మడిచాడు. అయినా పిడికిలి బిగియలేదు. మా ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"వేళ్ళు పట్టు తప్పినాయి అల్లుడా" అన్నాడు మామ, తల ఎత్తకుండా. "పడవలో వాళ్ళకి చెప్పబాక. తెలిస్తే నన్ను ఎక్కనీరు."

ఇన్నాళ్ళూ నేను ఆయన నోరే చూశాను. పక్కనే ఉన్న చెయ్యి చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

నెల్లూరు తీసుకెళ్ళి చూపించాం. సీసం వల్లా కావచ్చు, వయసు వల్లా కావచ్చు, చూద్దామన్నాడు డాక్టరు. మూకుడు, మూస మూలకు చేరాయి. గుండ్లు కొనుక్కొస్తున్నాం. పడవలో వాళ్ళకు మామే చెప్పుకున్నాడు. ఎక్కొద్దని ఎవరూ అనలేదు, ఆయనే దిగాడు. వల పని మాత్రం వదల్లేదు.

ఇప్పుడు ఆదివారం వస్తే అరుగు మీద ఇద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. మామ తాడు పట్టుకుంటాడు, నేను ప్లేయరుతో నొక్కుతాను. నేను నొక్కిన ప్రతిసారీ ఆయన దవడ కూడా బిగుస్తుంది.