బానెట్‌కు ఎంత, తలుపుకు ఎంత

మా అన్నకు బెంగళూరు పీణ్యలో చిన్న లేత్ షెడ్డు ఉండేది. పగలంతా కంపెనీల యంత్రాలకు బుష్‌లు, పిన్నులు చేసి ఇచ్చేవాడు. పని ముగిశాక షెడ్డు వెనక రేకుల కింద నిలబెట్టిన కారు దగ్గరికి వెళ్లేవాడు. ఎవరో చెట్టుకు గుద్ది, ఇక పనికిరాదని అమ్మేసిన చిన్న కారు అది. అన్న, అతనితో పాలిటెక్నిక్‌లో చదివిన స్నేహితుడు కలిసి దాని సీట్లు పీకేసి, పల్టీ కొట్టినా నలగకుండా లోపల ఇనుప పైపులతో పంజరం కట్టి, ఇంజన్ విప్పి మళ్లీ బిగించి రేసు కారు చేశారు. తొంభైల మధ్యలో బెంగళూరులో ఇలాంటి పిచ్చివాళ్లు చాలామందే ఉండేవారు. ఆదివారం వచ్చిందంటే ఊరి బయట ఏదో ఒక మైదానంలో ఎర్రదుమ్ము లేచేది. మేం ఇంటికి వచ్చేసరికి మా కనురెప్పలు కూడా ఎర్రగా ఉండేవి.

ఆ మట్టి పోటీల్లో ఒకటి రెండు కప్పులు వచ్చాక, మద్రాసు దగ్గరున్న అసలైన ట్రాక్ మీద పరిగెత్తాలని మావాళ్లకు ఆశ పుట్టింది. దానికి మంచి టైర్లు కావాలి, ఎంట్రీ ఫీజు కట్టాలి, కారును టెంపోలో ఎక్కించుకుని పోవాలి. లేత్ సంపాదన ఇంటికే చాలీచాలనట్టుగా ఉండేది. స్పాన్సర్ దొరికితే తప్ప కుదరదన్నారు. కానీ అడగడం ఇద్దరికీ చేతకాదు. అన్న కొత్తవాళ్ల ముందు నోరు విప్పడు. స్నేహితుడు విప్పితే మూయడు, అదీ ఇంజన్ గురించే. నేను అప్పుడే బీకాం ముగించి కంటోన్మెంట్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో చేరాను. ఫోన్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట్లాడి టిక్కెట్లు అమ్ముతున్నాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది.

కారు ఫొటోలు, ఆఫీసు టైప్‌రైటర్ మీద కొట్టిన ఒక కాగితం పట్టుకుని, స్కూటర్ వేసుకుని తిరగడం మొదలుపెట్టాను. మొదట ఒక ఇంజన్ ఆయిల్ డీలర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఫొటోలు ఓపిగ్గా చూసి, ఎంత కావాలని అడిగాడు. అంత సూటిగా అడుగుతారని నేను అనుకోలేదు. మీ ఇష్టం అన్నాను. ఆయన తన ఇష్టప్రకారం రెండు క్యాలెండర్లు, ఒక కీచైన్ ఇచ్చి పంపించాడు. ఆ తర్వాత ఎవరి దగ్గరా ఆ మాట అనలేదు.

మరి ధర ఎలా చెప్పాలి? మల్లేశ్వరంలో సినిమా హోర్డింగులు రాసే పెయింటర్‌ను అడిగితే, అడుగు లెక్కన అన్నాడు. అమ్మ కుట్టుమిషన్ టేపు తీసుకుపోయి కారును జాకెట్టుకు కొలిచినట్టు కొలిచాను. బానెట్‌కు ఒక రేటు, తలుపులకు ఒక రేటు, వెనక డిక్కీకి ఇంకో రేటు వేశాను. పైకప్పుకు కూడా వేస్తుంటే అన్న స్నేహితుడు, దాన్ని కాకులు తప్ప ఎవరు చూస్తారని నవ్వాడు. ఆ రేట్లు పట్టుకుని ఒక టైర్ల షాపుకు వెళ్తే ఆయన ఇంకో సందేహం బయటపెట్టాడు. కారు పల్టీ కొడితే జనానికి ముందు కనబడేవి తన టైర్లేననీ, ఉన్న పేరు కాస్తా పోతుందనీ భయపడ్డాడు. అలా ఒక ఎండాకాలమంతా గడిచింది. కాఫీలు మాత్రం అందరూ ఇచ్చారు.

చివరికి అమ్మ, ఊరి బయట కాడుగోడిలో కారప్పొడి మిల్లు నడిపే పెద్దాయనను అడిగి చూడమంది. వాళ్లు ఆయన తండ్రి కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. మా ఇంట్లో వాడేది ఆయన కారమే. కారు రేసుకూ కారప్పొడికీ ఏం సంబంధమని విసుక్కుంటూనే వెళ్లాను. మిల్లులో అడుగుపెట్టగానే తుమ్ములు. ఆయన మంచినీళ్లు తెప్పించి, నా తుమ్ములు ఆగేదాకా ఆగి, ఫొటోలు చూశాడు.

“ఎంత స్పీడులో పోతాదమ్మా ఇది?” అని అడిగాడు.

గర్వంగా చెప్పాను.

“అంత స్పీడులో పోతా ఉంటే దాని మీద రాసింది ఎవురు చదువుతారు? మా కారం కొనేది ఆడోళ్లు. వాళ్లు ఆడికి రానే రారు.”

ఆయన మాటలో ఎగతాళి లేదు. నిజమే అనిపించింది. ఫొటోలు సంచిలో పెట్టుకుంటూ ఉండగా, ఆ వేసవంతా తిరిగిన కసి వల్లనో ఏమో, నాకే తెలియకుండా ఒక మాట వచ్చేసింది.

“రేసు లేని ఆదివారాలు కారు షెడ్డులో సుమ్నే, ఊరికే ఉంటాదండీ. మీరు ఏ సంతలో నిలబెట్టమంటే ఆ సంతలో నిలబెడతాం. ఆడోళ్లే వచ్చి చూస్తారు.”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిలబెట్టడానికి బాడుగ ఎంతని అడిగాడు. బాడుగ కాదు, రేసుల కాలమంతా టైర్లూ టెంపో ఖర్చూ మీవి, బానెట్ మీద పేరు మీది అన్నాను. కారు ఒక్కటే ఉంటే రిపేరు షాపనుకుంటారు, తోలేవాడు కూడా పక్కన ఉండాలన్నాడు. తోలేవాడు వస్తే రేటు వేరే అన్నాను. ఆయన గట్టిగా నవ్వి, తన భార్యను లోపలినుంచి పిలిచి, ఈ అమ్మాయి బేరం చూడమన్నాడు. ఆమె ముందే ఒప్పందం కుదిరింది. అడుగుల లెక్క ఆరోజుతో మరిచిపోయాను. ధర బానెట్‌కు కాదని, మా ఆదివారాలకని నాకు మెల్లగా అర్థమైంది.

కారు తోలే అన్నకు మాత్రం కోపం వచ్చింది. తాను రేసు డ్రైవరా, సంతలో కోతినాడించేవాడా అని అరిచాడు. స్నేహితుడు పోయి కారుకు మిరపపండు ఎరుపు వేయించుకొచ్చాడు. ఆ రంగు చూశాక అన్న మెత్తబడ్డాడనుకుంటాను. పెద్దాయన చెప్పిన ఆనేకల్ సంతకు ముఖం ముడుచుకునే వచ్చాడు, కానీ వచ్చాడు.

ఆనేకల్‌లో టమోటాల గుట్టలకూ గాజుల అంగళ్లకూ మధ్య మా కారు నిలబడింది. పిల్లలు స్టీరింగ్ పట్టుకుని తిప్పారు. సీట్లు ఏమైనాయని, ఈ కటకటాలు ఎందుకని ఆ ఊరి నేతగాళ్ల ఇళ్ల ఆడవాళ్లు అడిగారు. ఒక ముసలామె సంచి కింద పెట్టి, తలుపులోంచి లోపలికి వంగి చూసి, అన్న వైపు తిరిగింది.

“దీంట్లో కూసోని పోతే భయం కాదా నాయనా?”

“అవుతాది అవ్వా,” అన్నాడు అన్న. “జెండా ఊపేదాకా అవుతాది. ఊపినాక మరిచిపోతా.”

అన్నకు భయమవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఇంట్లో ఎవరం అడగలేదు. ఆమె అతని చెయ్యి తట్టి, జాగ్రత్త అని చెప్పి, పక్కనే మిల్లువాళ్లు పెట్టిన బల్ల దగ్గర కారం పొట్లం కొనుక్కుని వెళ్లింది. ఆ తర్వాత అన్నను సంతకు రమ్మని బతిమాలే పని లేకపోయింది. తనే పొద్దున్నే లేచి కారు కడిగేవాడు. మధ్యాహ్నం కారు నీడలో ముగ్గురం కూర్చుని చిత్రాన్నం తినేవాళ్లం. నా జీవితంలో మంచి రోజులు ఏవని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేవి ఆ సంతలే.

మద్రాసు ట్రాక్‌లో మొదటి రేసుకు మిల్లు పెద్దాయన భార్యతో సహా రైల్లో వచ్చాడు. పులిహోర తెచ్చారు. సిమెంటు మెట్ల మీద, నిప్పులు చెరిగే ఎండలో, గొడుగు వేసుకుని కూర్చున్నారు. కార్లు కదిలేసరికి ఆమె చెవులు మూసుకుంది, ఆయన లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చోలేదు. మా కారు మొదట బాగా వెనకబడింది. చివరి మలుపులో ఒక నీలం కారును దాటి నాలుగోదిగా వచ్చింది. బహుమతి రాలేదు. ఆయన మెట్లు దిగి వచ్చి అన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. బానెట్ మీద మీ పేరు బాగా కనబడిందా అని నేను భయంభయంగా అడిగాను.

“నేను చూస్తే కదమ్మా,” అన్నాడు. “మీ అన్న ఏమాయనో, ఎట్ల వస్తాడో అని అదే చూస్తా ఉండా.”

మరుసటి సంవత్సరం ఆయన బేరమాడలేదు. అలా కొన్నేళ్లు నడిచింది. కప్పులు కొన్ని వచ్చాయి, ఒకసారి కారు నిజంగానే పల్టీ కొట్టింది, అన్న భుజం విరిగి మళ్లీ అతుక్కుంది. రెండువేల సంవత్సరం దాటాక పెద్దాయన పోయాడు. కొడుకులు మిల్లును ఒక పెద్ద కంపెనీకి అమ్మేశారు. ఆ కంపెనీవాళ్లు నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టి, మర్యాదగానే కాదన్నారు. అప్పటికి నాకు అడగడం బాగా వచ్చు, వేరేవాళ్లను పట్టుకునేదాన్నే. కానీ అన్న షెడ్డుకు పెద్ద పనులు వస్తున్నాయి, భుజం నొప్పి తగ్గడం లేదు, కాడుగోడి చుట్టూ మైదానాలన్నీ అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి. నేను ఆ అడిగే విద్యతోనే ఒక పత్రికలో ప్రకటనల విభాగంలో చేరాను.

కారును అమ్మకానికి పెడితే కోయంబత్తూరు నుంచి కాలేజీ కుర్రాళ్లు వచ్చి కొన్నారు. ఇంజన్ ఎలా చూసుకోవాలో అన్న స్నేహితుడు వాళ్లను పోనివ్వకుండా చాలాసేపు చెప్పాడు. వాళ్ల టెంపో మెయిన్ రోడ్డెక్కి మలుపు తిరిగాక ముగ్గురం షెడ్డు మూసి, బస్టాపుకు నడిచాం. బస్సు ఖాళీగా ఉన్నా అన్న మా దగ్గర కూర్చోలేదు. ముందుకు పోయి, డ్రైవర్ వెనక కమ్మీ పట్టుకుని నిలబడి, అతను గేర్లు మార్చడమే చూస్తూ ఇంటిదాకా వచ్చాడు.